ఖాళీ గడి

తన పెళ్లికి ఎవరెవరు వస్తారో తేల్చే ప్రోగ్రాం తనే రాసుకున్న చెల్లెలు, మధ్యాహ్నం ఆఫీసు మెట్ల మీద కూర్చుని, నాలుగేళ్లుగా మాటల్లేని అక్కకి ఫోన్ చేసింది.

"పెళ్లి పిలుపుకి నీ జవాబు అందిందక్కా."

"అందులో నేనేం రాయలేదుగా."

"పేరు రాశావు. వస్తారా అన్న గడి ఖాళీగా వదిలేశావు."

"ఖాళీగా వదిలితే ఏమనుకుంటుంది నీ ప్రోగ్రాం?"

"ఓకే అన్నా, ఒకటి వేసినా, తప్పకుండా అన్నా అవును కింద తీసుకుంటుంది. సున్నా వేసినా, ఖాళీగా వదిలినా 'కాదు' కిందే."

"అంటే నేను రానట్టేగా."

"అలాగే చూపిస్తోంది. ఆ నియమం పెట్టింది నేనే. పొద్దుట్నుంచి దాన్నే చూస్తూ కూర్చున్నాను, చెరపబుద్ధి కాలేదు, ఉంచబుద్ధి కాలేదు."



"రానని రాయడానికి మనసొప్పలేదే. నిన్ను అన్నన్ని మాటలన్నాక వస్తానని రాయడానికి మొహం చెల్లలేదు."



"నాకు జడెవరు వేస్తారనుకున్నావు?"

"ఇంకా పొడుగ్గానే ఉందా?"

"నువ్వు చివరిసారి జడ వేసినప్పట్నుంచి కత్తెర పెట్టనివ్వలేదు."

"అయితే ముందురోజే రావాలి. చిక్కు తీయడానికే ఒక పూట పడుతుంది."