జ్వరం రాని జబ్బు

పసిపిల్లల వార్డు బయట నిలబడ్డ తండ్రికి, మళ్లీ రక్తం తీయాలన్న డాక్టరమ్మ మాట వినగానే ఒళ్లు మండిపోయింది.

"పొద్దున్నే తీశారు కదండీ! పిల్ల గుప్పెడంత లేదు, ఎన్నిసార్లు పొడుస్తారు?"

"మందు పనిచేస్తోందో లేదో తెలియాలిగా."

"జ్వరమే లేదు. బుద్ధిగా పడుకుంది. మీరేమో రక్తంలో బ్యాక్టీరియా అంటారు!"

"ఆ బుద్ధి చూసే నాకు భయం. మనకైతే బ్యాక్టీరియా చొరబడగానే తెల్లకణాలు ఎగబడతాయి, ఒళ్లు కాలిపోతుంది. పసిగుడ్డు కణాలు అంత చురుగ్గా కదలవు. జ్వరం రాకుండానే చేయి దాటిపోవచ్చు."

"అంటే నా కూతురి కణాలు పనికిమాలినవా?"

"కాదండీ. మొన్నటిదాకా తల్లి కడుపులో ఉన్నాయి. అక్కడ తల్లి కణాలతో కయ్యానికి దిగితే ఇద్దరికీ ముప్పే. ఆ నెమ్మదితనం ఇంకా పోలేదు. అందుకే తోడుగా మందు ఎక్కిస్తున్నాం."

"నేను మాత్రం ఇక్కడ దిష్టిబొమ్మలా నిలబడాలి!"

"లోపలికి రండి. పాప కాలు మీరే పట్టుకోండి."

అతను చేతులు కడుక్కుని వెళ్లాడు. వేళ్ల మధ్య చిట్టి మడమ చల్లగా తగిలింది. సూది దిగగానే పిల్ల ముఖం ఎర్రబడింది. గది అదిరేలా కేర్‌మంది.

"అయ్యో, ఆపండి! ఏడుస్తోంది!"

"ఏడవనివ్వండి," అంది డాక్టరమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "పొద్దున పొడిస్తే కదలనైనా లేదు."