ఎర్ర దుప్పటి

సెలవుల రద్దీలో చార్మినార్ పైకెక్కాం. కమాను దగ్గర ఒక పెద్దాయన ఫోన్లో భార్యతో మాట్లాడుతున్నాడు. స్పీకర్ పెట్టాడు కాబట్టి ఆమె మాటలూ అందరికీ వినిపిస్తున్నాయి.

"ఏమే, నేను చార్మినార్ మీదికెళ్లి మాట్లాడుతున్న!"

"నువ్వా? దాని పక్కనే హుస్సేనీ ఆలంల పుట్టి పెరిగినవ్, ఎన్నడన్న ఎక్కినవా?"

"ఎప్పుడూ ఈడనే ఉంటది గదా అనుకున్న. మా చెల్లె పిల్లలు సోలాపూర్ నుంచి వచ్చి నన్ను పైకి గుంజుకొచ్చిన్రు. మామా, మీ ఇల్లు చూపియ్యి అంటున్రు."

"చూపియ్యి మరి."

"అన్నీ నీళ్ల ట్యాంకులే కనవడుతున్నయ్. పోరల ముందు ఇజ్జత్ పోతున్నది. జెర మిద్దె మీదికి పోయి మన ఎర్ర దుప్పటి ఊపవే."

"మీ అందరికీ బగారన్నం పొయ్యి మీద పెట్టిన. ఆగు, మంట తగ్గించి పోత."

"జల్దీ పో... ఆఁ, కనవడ్డవ్! పిల్లలూ, గదే మనిల్లు, గామెనే మీ అత్త! మస్తు ఊపుతున్నవే!"

"నేనింకా వంటింట్లనే ఉన్ననయ్యా."

చుట్టూ ఉన్నవాళ్లం నవ్వు ఆపుకోలేకపోయాం. పిల్లలైతే ఆయన చొక్కా పట్టుకుని మరీ నవ్వారు.

"మరి గా దుప్పటి ఎవరిదే?"

"నాకేమెరుక? ఒక మాటిను. రేపు పిల్లలతోని నేనెక్కుత. నువ్వింట్ల వంట చేసి, మిద్దె మీద దుప్పటి వట్టుకొని నిలవడు."

"నువ్వు మాత్రం గుర్తువడతవా?"

"పెండ్లయిన కాడికెళ్లి రోజూ బట్టలారేసుకుంట గా మినార్లనే చూస్తున్న. గాడికెళ్లి నా మిద్దె గుర్తువట్టనా? నువ్వు బగారన్నం మాడగొట్టకు, సాలు."