ఒక్క ముద్దు ఉంచవే

బేకరీలో పని ముగించుకుని వచ్చిన భర్త చొక్కా కూడా మార్చకుండా కుర్చీలో కూలబడ్డాడు. భార్య తను రాస్తున్న క్రిస్మస్ ప్రేమ నవల చివరి అధ్యాయం చదివి వినిపించింది.

“పండగ ముందురోజు నీ హీరో బేకరీ మూసేసి ఆ పిల్లతో మంచులో డాన్సులెయ్యడమేమిటే? కేకులెవరు చేస్తారు, వాళ్ల తాతా?”

“నవలండీ. అలసట రాస్తే ఎవరు చదువుతారు?”

“పొద్దుట్నుంచీ నిలబడి కాళ్లు పీకేస్తుంటే డాన్సెలా చేస్తాడు?”

“సరే, కొట్టేశాను. ఆ పిల్లే బేకరీకి వెళ్తుంది. ఇద్దరూ కేకులు డబ్బాల్లో సర్దుతారు. చాలా?”

“మరి ముద్దు?”

“అదీ తీసేశా. ఒళ్లు హూనమైనవాళ్లకి ముద్దులెక్కడ గుర్తొస్తాయి?”

అతను కాళ్లు ఒత్తుకుంటూ ఆమె వైపు చూశాడు.

“ఒక్కటి ఉంచవే. పాపం, ఏడాదంతా ఎదురుచూశాడు కుర్రాడు.”

ఆమె కాగితాలు పక్కన పెట్టింది.

“కుర్రాడి జుట్టు నిండా మైదాపిండే,” అంటూ దగ్గరికి జరిగింది.