ఆపకుండా అడగడం

ఆస్పత్రి ఐసీయూ తెరల మీద గుండె గీతలు పొద్దుటి నుంచి ఉండుండి క్షణంపాటు నిలిచిపోతున్నాయి. కింది అంతస్తులో, వాటిని పంపే కంప్యూటర్‌ని బాగుచేయడానికి వచ్చిన తల్లి దాని ముందు కూర్చుంది. డాక్టరు కూతురు తెల్లకోటుతోనే పైనున్న ఐసీయూ నుంచి దిగివచ్చింది.

“అమ్మా, దీన్ని మాత్రం ఆపకు. పైన ఒకాయన పరిస్థితి అంతంతమాత్రంగా ఉంది.”

“ఆపన్లేవే. నడుస్తుండగానే లోపల చూస్తాను.”

“ఎలా? మేం గుండె తెరిచి లోపల చూడాలంటే ముందు దాన్ని ఆపుతాం.”

“దీని గుండెని కెర్నెల్ అంటాం. అందులో వేల ఫంక్షన్లు, ఒక్కోదానిది ఒక్కో పని. రాసినవాళ్ళు దాదాపు ప్రతిదాని మొదట్లో కాస్త ఖాళీ చోటు వదిలారు. మామూలుగా అక్కడ ఏమీ జరగదు. ఇప్పుడక్కడ నేనో ప్రశ్న పెడుతున్నా. అటొచ్చే ప్రతి పనినీ ఎప్పుడొచ్చావు, ఎంతసేపున్నావు అని.”

తల్లి ముందున్న తెర మీద జవాబుల వరసలు జలజలా పారాయి. కూతురు తెర మీదికి వంగింది.

“ఇదంతా ఇప్పుడే జరుగుతోందా?”

“నువ్వు రెప్ప వేసేలోపు వేలసార్లు. అదిగో, డిస్కు మీద రాసే ఫంక్షన్. మిగతావన్నీ బయట నిలబడితే ఇది తలుపేసుకుని కూర్చుంది. అందుకే గీతలు ఆగుతున్నాయి. దొరికింది దొంగ. ఇక సరిచేసేస్తాను.”

“ఇంతసేపూ లోపల వెతికావు, అయినా యంత్రాన్ని ఆపనేలేదు. ఎప్పుడో ఎవరో వచ్చి అడుగుతారని ముందే చోటు వదిలారా? మనిషిని చేసినవాడికి ఆ ఆలోచన రాలేదు చూడు.”

తల్లి తెర మీంచి చూపు తిప్పకుండానే కూతురి చెయ్యి అందుకుని, మణికట్టు దగ్గర నాడి మీద రెండు వేళ్ళు ఆనించింది.

“మరి ఇదేంటే, డాక్టరమ్మా?”