అర్జీకి గుచ్చిన మామిడి ఆకు

అధ్యక్ష స్థానంలో కూర్చున్న పురుగుమందులంగడి జగన్నాథ్ గారికి, ఈరోజు పదవీ విరమణ చేస్తున్న మన తోటల ఆఫీసరు రఘునాథ్ సార్‌కి, హోసూరు నుంచి బస్సులో నిలబడి వచ్చిన పెద్దలకి, భోజనం ఎప్పుడు పెడతారా అని వంటశాల వైపే చూస్తా ఉన్న మా ఉద్దనపల్లి రైతులకి, ఈ నంజప్ప నమస్కారాలు. (నవ్వులు)

రెండు మాటలు మాట్లాడమన్నారు. రెండు మాటలతో అయ్యేది కాదప్పా ఇది. సార్ మా ఊరికి వచ్చిన కొత్తలోనే ఒక చట్టం పెట్టినారు. చెట్టుకి ఏ రోగమొచ్చినా, దాని ఆకు తెచ్చి చూపిస్తేనే మాట వింటారు. "ఆకు యాడ?" అంటారు. నమస్కారం కూడా ఆ తర్వాతే. మేము ఎంత అలవాటు పడిపోయినామంటే, మా ఇంటిది వెంకటమ్మ కడుపునొప్పని ఆసుపత్రికి పోతా కూడా సంచిలో రెండు ఆకులు పెట్టుకొనింది. (నవ్వులు) నవ్వుకి కొంగు అడ్డం పెట్టుకుంటే సరిపోదు వెంకటమ్మా, అబద్ధమైతే లేచి చెప్పు!

తొమ్మిదేండ్ల కిందట సార్ నా తోతాపురి మామిడి తోటలో పండు ఈగలకని ఎర డబ్బాలు కట్టించినారు. మూడో రోజు పోయి చూస్తే డబ్బా నిండా ఈగలే. నాకు తల తిరిగిపోయింది. ఈయప్ప వాసన చూపించి జిల్లాలో ఉండే ఈగలన్నిటినీ నా తోటకే విందుకి పిలుస్తా ఉండాడని అనుకున్నాను. అవన్నీ చచ్చిన ఈగలు కదా, ఇంక కాయల జోలికి యాడ పోతాయని నాకు తట్టనే లేదు. సరిగ్గా ఆ నెలలోనే సార్ మీద పై ఆఫీసుకి ఒక అర్జీ పోయింది, ఈయన్ని వెంటనే వేరే ఊరికి మార్చండి అని. దాని మీద పేరు లేదు, సంతకం లేదు.

ఊరంతా ఒకటే మాట, రాసింది జగన్నాథ్ గారేనని. ఆకులకి మసి పడితే మైదా గంజి చల్లమని, ఈగలొస్తే డబ్బా కట్టమని సార్ చెప్తా పోతే, మందులంగట్లో ఈయనకి బోణీ యాడయ్యేది? (జగన్నాథ్ గారు నవ్వలేదు) మీరు నవ్వకపోయేది న్యాయమే, అధ్యక్షా. తొమ్మిదేండ్లుగా పెండ్లిళ్లలో, టీ అంగట్లో మీ వెనక గుసగుసలాడినాము. అందరికంటే గట్టిగా ఆడింది నేనే.

ఎందుకంటే ఆ అర్జీ రాసింది కూడా నేనే.

(వంటశాల వైపు చూస్తున్న తలలన్నీ ఇటు తిరిగాయి)

రాసినాను, కవరులో పెట్టినాను. అతికించే ముందు చెయ్యి ఊరుకోక, అలవాటు కొద్దీ, మసి పట్టిన మామిడి ఆకు ఒకటి దానికి గుచ్చినాను. (నవ్వులు) పై ఆఫీసు వాళ్లు అర్జీ కంటే ఆకునే శ్రద్ధగా చూసినట్టుండారు. ఇదేం తెగులో పరిశీలించి తగిన చర్య తీసుకోండి అని రాసి, రెండూ కలిపి సార్‌కే పంపినారు! సార్ ఆఫీసు ప్యూను తర్వాతెప్పుడో చెప్తే తెలిసింది నాకు.

వారం తిరక్కముందే సార్ జేబులో ఆ ఆకు పెట్టుకొని మోటార్‌సైకిల్లో ఊళ్లో ఒక్కో తోటా చూసుకుంటా మా తోటకి వచ్చినారు. అంతా తిరిగి, మూలనున్న చెట్టు కింద నిలబడి, "నంజప్పా, ఇది ఈ చెట్టు ఆకే. తేనెమంచు పురుగు చేసిన పని. పురుగుకి వేపనూనె కొట్టు, మసికి గంజి చల్లు" అన్నారు. అర్జీ ఊసే ఎత్తలేదు. మొదటి చెట్టుకి ఆయనే స్ప్రేయరు వీపున తగిలించుకొని కొట్టి చూపించినారు. ఆ ఏడు నా కాయలు చూసి వ్యాపారులే ఆశ్చర్యపోయినారు. నేను మాత్రం సార్ వస్తే మోటారు షెడ్డు వెనక దాక్కునేవాణ్ణి.

సార్, మీరు ఆరోజే నాలుగు తిట్లు తిట్టుంటే నాకు బాగుండేది. రేపటి నుంచి మీరు ఈ దిక్కు రారు. ఈరోజైనా చెప్పకపోతే ఇంక ఎప్పటికీ చెప్పలేనని భయమేసింది. తప్పు చేసినాను, మన్నించండి. జగన్నాథ్ గారూ, మీరు కూడా. ఇకమీద ఎవరైనా గుసగుసలాడాలంటే నా పేరు పెట్టి ఆడుకోండి.

అదిగో, సార్ కుర్చీలోంచి లేచి ఇటే వస్తా ఉండారు. ఆయన వెనకే జగన్నాథ్ గారు కూడా లేచినారు. సార్ వచ్చేది కావిలించుకునేదానికే అనుకుంటా, కండ్లు తుడుచుకుంటా ఉండారు. అధ్యక్షుల వారి సంగతే తెలీదు. ఏదైనా కానీ, ఈసారి నేను యాడికీ పోను, ఈడే నిలబడి ఉంటాను. ఓపిగ్గా విన్నవాళ్లందరికీ దండాలు. సెలవు.