దిక్కు మారని గాలి

ఏందే తారా, పొద్దుగాల్నే గా కంప్యూటర్ల తెల్లగ సుట్లు సుట్లు తిరుగుతున్నదేంది? తుఫానా? బడిల పిల్లలకు సూపెట్టాలెనా? మంచిగున్నదే. నా చిన్నప్పుడు మాకు సదువు సెప్పిన యాకోబు సారుకు గివన్ని యాడియి? మా అమ్మను అడిగి తీస్కపోయిన ఒక ఇత్తడి గంగాళం, గుప్పెడు జొన్న పొట్టు, అంతే. ఆ రెంటితోనే మాకు తుఫాను సెప్పిండు. ఎట్లనా? కూసో మరి, సెప్త.

సారుది బందరు దిక్కు. పోలీసు యాక్షన్ అయి నిజాం పోయినంక మన చిలుకూరు బడికి వచ్చిండు. బక్కపల్సటి మనిషి, కోపం మాత్రం ముక్కు మీదనే. బందరు మాట గదా, మాకు నవ్వొచ్చేది. "ఒరేయ్, సముద్రమంటే పొయ్యి మీద కుండ అనుకోండి. వేడికి గాలి పైకి లేస్తుంది. లేచినచోట ఖాళీ. ఖాళీ ఉంటే చుట్టుపక్కల గాలి ఊరుకుంటుందా? పరుగెత్తుకొస్తుంది. భూమి తిరుగుతోంది కాబట్టి తిన్నగా రాలేదు, చుట్టు తిరుగుతుంది" అనుకుంట గంగాళంల నీళ్లను గడియారం ముల్లుకు ఉల్టా తిప్పెటోడు. పొట్టు గిర్రున తిరిగేది. "గాలికి వీపు పెట్టి నిలబడు. ఎడమ చెయ్యి చాపు. వాయుగుండం ఆ వైపునే ఉంటుంది." ఇగ సూస్కో! గొడ్ల కాడ, బాయి కాడ, యాడ జర గాలొస్తే ఆడ చెయ్యి సాపుడే. మా నాయినమ్మ అయితే "ఏం రోగమొచ్చెరా వీండ్లకు" అని ఒక్కటే తిట్లు.

గది స్వాతి కార్తె. పొద్దుగాల్నుంచి ఈశాన్యం గాలి. మా అక్క దేవమ్మ ఎరుకనే గదా నీకు, ఆ మిర్యాలగూడల కాలం జేసింది సూడు, ఆమెనే. గంట కొట్టినప్పుడల్ల అక్క బయట గాలికి వీపు పెట్టి నిలబడాలె, చెయ్యి సూపిన దిక్కుకు సారు సున్నంతోటి గీత గియ్యాలె. గంట మూడుసార్లు కొట్టిండ్రు, మూడు గీతలు. ఒకదాని మీదనే ఒకటి. గాలేమో గంట గంటకు పెరుగుతున్నది. "తుఫాను పక్కనుంచి పోతుంటే చెయ్యి దిక్కు మారాలి. మారలేదు. గాలి పెరిగింది. అంటే ఏమిటర్రా?" అన్నడు సారు. మా అక్కనే అన్నది, "మన మీదికే వస్తున్నది సార్" అని. "శభాష్ అమ్మాయ్" అన్నడు, తువ్వాల నడుముకు కట్టిండు, మమ్ముల అందర్ని తోల్కొని కళ్లాల దిక్కు ఉరికిండు.

కళ్లంల మా నాయిన మట్టయ్య కుషీగ ఉన్నడు. ఎందుకుండడు? పదేండ్లు దొర కొట్టంల పాలేరు లెక్క జీతమున్నడు. ఆ ఏడే బయటపడి రెండెకరాలు కౌలుకు పట్టిండు. ఎడ్లతోటి తొక్కిచ్చిన వడ్లు కుప్ప పోసి ఉన్నయి. గవి చేతికొస్తే మనిషి, రాకుంటే మళ్ల దొర కొట్టమే. తూర్పార పట్టాలంటే గాలి ఒక్క దిక్కునుంచే కొట్టాలె, దిక్కు మారితే పొట్టు మళ్లొచ్చి గింజల్నే పడ్తది. ఆ రోజు గాలి సూస్తే ఎవరో పట్టుకొని ఊదినట్టు ఒక్క తీరుగ ఉన్నది. అందరు చాటలు పట్టుకొని తూర్పార పట్టే ఎత్తు పీటలు ఎక్కిండ్రు.

"మట్టయ్యా, చాట దించు. ఇది మంచి గాలి కాదు" అన్నడు సారు. "నీ బాంచెన్ సారూ, ఏడేండ్లల్ల గిసొంటి గాలి రాలె, దించుమంటవా?" "దిక్కు మారడం లేదనే చెబుతున్నాను. ఉన్నపళంగా వడ్లు లోపల వేయి." పక్క కళ్లపోళ్లు పక్కున నవ్విండ్రు. "పొట్టు మోస్తరా సారూ ఎవరన్న!" మా నాయిన తల అడ్డం ఊపిండు. తూర్పార పట్టకుండ, రాశి పోసి మొక్కకుండ వడ్లు గడప దాటితే ఇల్లు నాశనమని గప్పట్ల గట్టి నమ్మకం. సారుకు ఒళ్లు మండింది. "నీ ఇంటి గడప దాటొద్దు, సరేనా? బడి గడప దాటించు. బడికి ఏ నాశనమూ పట్టదు, నేను పూచీ!" మా నాయిన గాలి దిక్కు సూసిండు, మా అక్క దిక్కు సూసిండు. అక్క ఏడుసుకుంట చెయ్యి అట్లనే సాపి నిలబడ్డది. "నాయినా, మూడుసార్లు సూసిన" అన్నది.

ఆయన చాట కింద పెట్టిండు. ఇగ మేము, సారు, మా అమ్మ, గంపలు, గోనెలు, ఏది దొరికితే అది. పొట్టు కండ్లల్ల పడి ఒక్కటే మంట. ఆఖరి గంప బడిలకు రాంగనే చినుకు మొదలైంది. తెల్లారెదాంక ఏమైందో నన్ను అడగకు, సగం ఊరు కప్పులు లేసిపోయినయి. కళ్లాల మీద ఒక్క గింజ లేదు. నవ్వినోళ్లు గోడకు ఆనుకొని కూసున్నరు. మేము మాత్రం బడిల మా వడ్ల మీదనే పండుకున్నం.

పొద్దుగాల గాలి ఉల్టా అయింది, నైరుతినుంచి కొడ్తున్నది. మా నాయిన బయటికొచ్చిండు. అక్షరం రాని మనిషి, మా అక్కను సూసి నేర్సినట్టున్నడు, గాలికి వీపు పెట్టి ఎడమ చెయ్యి సాపిండు. "సారూ, గిప్పుడది సూర్యాపేట దిక్కున్నది, గదా?" "అవును మట్టయ్యా! మనల్ని దాటిపోయింది" అని సారు ఆయన భుజం మీద ఒక్కటి చరిచిండు, చిన్న పోరని లెక్క నవ్విండు. మా నాయిన నవ్వలే. చెయ్యి దించలే.

"గాడ గూడ నిన్న గాలి గిట్లనే మంచిగ కొట్టి ఉంటది గదా సారూ. వాళ్లు గూడ చాటలు పట్టుకొని ఎక్కి ఉంటరు. వాళ్లకు ఎవరు సెప్పిండ్రు?"

సారు నవ్వు ఆపిండు, నాయిన పక్కన గాలికి వీపు పెట్టి తన ఎడమ చెయ్యి గూడ సాపిండు. ఇగ సాలు తియ్యే. జర మంచినీళ్లు ఇయ్యి.