కుర్చీకే సరిపోయిన ధ్యాస

మా ఎనిమిదేళ్ళ అమ్మాయి ధ్యాసలో రోజుకు పది నిమిషాలు నా వంతు. డాక్టరు దాన్ని ఏకాగ్రత లోపం అన్నారు. నా ఇనప సామాను కొట్టుకు ఎదురుగా ఉన్న దర్జీ ఆవిడ దగ్గర మాత్రం పిల్ల గంటసేపు ఎక్కాలు చెబుతోందని తెలిసి, నేరుగా వెళ్ళి అడిగాను.

“ఏం మందు పెట్టావమ్మా మా పిల్లకి?”

“మందు మీ డాక్టరు ఇస్తున్నాడుగా అన్నయ్యగారూ. నేను బొత్తాలు అందించమంటాను, అంతే.”

“రేపట్నుంచి ఇటు రాదు.”

“కడుపుమంటా?”

“అనుకో. కన్నవాణ్ణి. నా ముందు పుస్తకం తెరిస్తే దిక్కులు చూస్తుంది. నీ ముందు ఏడో ఎక్కం గడగడా చెప్పేస్తుందా?”

“మీ దగ్గర ఎలా చదువుతుంది?”

“ఎలా ఏముంది? కుర్చీలో, కాళ్ళూ చేతులూ కదపకుండా.”

“ఇక్కడ ఆ బొత్తాల అరకీ ఈ మిషనుకీ మధ్య తిరుగుతూ చెబుతుంది. నాన్న దగ్గరెందుకు చెప్పవే అని మొన్న అడిగాను.”

“ఏమంది?”

“‘కదలకుండా కూర్చోడానికే నా బుర్రంతా అయిపోతుందత్తా, లెక్కకి మిగలదు’ అంది.”

“అద్దెకే పెట్టుబడంతా పోతే ఇక సరుకెక్కడ కొంటాం... ఆ మాట నాతో ఎందుకు అనలేదు?”

“మీరు అడిగారా?”

ఆ సాయంత్రం కుర్చీ పక్కకు జరిపి, కొట్టులో ఈ చివర నుంచి ఆ చివరకు పిల్లతోపాటు నడిచాను. ఎనిమిదో ఎక్కంలో సగం నాకు దక్కింది. మిగతా సగం అత్తకు చెబుతానని ఎదురు కొట్టుకు పరుగెత్తింది.